ఇరవైకి పద్నాలుగు

హన్మకొండ కుమార్‌పల్లిలో శోభారాణి టీచర్ పేరు చెబితే ముప్పై ఏళ్లపాటు పిల్లలకు హడలు. ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. అందులోనూ టెన్సులు ఆమె సొత్తు. "ముందు టైం పట్టండి, తర్వాత పని పట్టండి" అనేది. వాక్యంలో ఎస్టర్‌డే ఉందా, ఎవ్రీ డే ఉందా, సిన్స్ ఉందా చూసి దాని చుట్టూ సున్నా చుట్టాలి. ఆ తర్వాతే క్రియ జోలికి పోవాలి. మార్కుల దగ్గర మాత్రం పరమ పిసినారి. సొంత తమ్ముడి కొడుక్కి అర మార్కు కలపనని భీష్మించుకుని, ఆ తమ్ముడితో రెండేళ్లు మాటలు పోగొట్టుకున్న ఘనురాలు. అంత నిక్కచ్చి మనిషి మార్కుల్లో అబద్ధం ఆడిందంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. కానీ ఆడింది. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలే" అని నోరు మూయించేది. తల్లి ఉన్నన్నాళ్లు ఇంట్లో సందడికి లోటు లేదు. పప్పులో ఉప్పు దగ్గర నుంచి ఫ్యాను స్పీడు దాకా ఇద్దరూ పొద్దస్తమానం కీచులాడుకునేవాళ్లు. తల్లి పోయింది, ఆ మరుసటి ఏడే బడి కూడా మానేసింది. ఇక ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలింది. పొద్దున పాల ప్యాకెట్ అతనితో "రేపు అర లీటరే" అనడమే ఆ రోజుకు ఆమె మాట్లాడే మాట. ఎప్పుడైనా సాయంత్రం ఫోన్ మోగి హలో అంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. పావుకిలో బెండకాయలు తెచ్చుకుంటే రెండు రోజులు అదే కూర.

అలాంటి రోజుల్లో సుకన్య వచ్చింది. ముప్పై ఆరేళ్లుంటాయి, కొత్తవాడ మనిషి. భర్త ఒక సర్కారీ ఆఫీసులో అటెండరుగా ఉండి చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. కూతురు గురుకులం హాస్టల్లో చదువుతోంది. ఫైళ్లు మోసీ, టీ గ్లాసులు మోసీ ప్రాణం విసిగిపోయింది. జూనియర్ అసిస్టెంటు కావాలంటే పరీక్ష రాయాలి. అందులో ఖాళీల్లో క్రియను సరైన కాలంలో పెట్టే ప్రశ్నలే ఇరవై. కిందటిసారి సరిగ్గా అక్కడే తప్పింది.

"ఆఫీసుల అందరు నవ్విన్రు టీచరమ్మా. ఈసారి గూడ తప్పితె నాకు మొకం చెల్లది. మీరు పెట్టే పరీక్షల ఇరవైకి పదహారు వచ్చిననాడే ఫారం నింపుత. అప్పటిదాంక నింప" అంది మొదటిరోజే.

వారానికి మూడు సాయంత్రాలు వచ్చేది. పాఠం, చివర్లో ఇరవై మార్కుల పరీక్ష కలిపి గంట, ముచ్చట గంటన్నర. ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, కొత్తవాడలో ఎవరింట్లో మగ్గం అమ్మేశారో అన్నీ చెప్పేది. శోభారాణి పైకి "ముచ్చట్లు చాలు, పుస్తకం తియ్యి" అని కసిరేది. లోపల మాత్రం ఆ ముచ్చట్ల కోసం నాలుగింటి నుంచే గడియారం చూసేది. ఆమె వచ్చే రోజుల్లో బెండకాయలు అరకిలో తెచ్చేది.

నాలుగో నెలలో ఒకరోజు సుకన్య పేపరు ఇచ్చి నవ్వుతూ అంది. "ఇయ్యాల పదహారు వస్తే మీకు నా తిప్పలు పోతయి టీచరమ్మా. ఇగ రాను, ఫికర్ చెయ్యకున్రి."

దిద్దితే పదిహేడు వచ్చాయి. శోభారాణి చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఆమెకు ఒక్కసారిగా భయమేసింది. ఎల్లుండి ఆరింటికి ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందన్న భయం. మూడు ఒప్పుల మీద ఇంటూలు కొట్టి, పద్నాలుగు వేసి చూపించి, పేపరు తన దగ్గరే ఉంచుకుంది.

"మొన్న గిట్లనే రాస్తె రైట్ అన్నరు కద?" అని సుకన్య అమాయకంగా అడిగింది.

"అక్కడ సందర్భం వేరు. సరిగ చదువు" అంది టీచర్, ఆమె ముఖం చూడకుండా.

ఇంకొక్క వారం, ఆ తర్వాత నిజం మార్కులు వేసేద్దాం అనుకుంది. ఫారానికి ఇంకా గడువు ఉందిగా! కానీ అలవాటైన తప్పుకు అడ్డేముంది? పద్నాలుగు, పదిహేను, మళ్లీ పద్నాలుగు. మూడు వారాలు గడిచాయి. సుకన్య ముచ్చట్లు తగ్గాయి. రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసేది.

గడువు రేపటితో ముగుస్తుందనగా సుకన్య వచ్చింది. కూర్చోలేదు. టీచర్ దగ్గర తీసుకున్న గ్రామరు పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఇగ బంద్ చేస్తాన టీచరమ్మా. ఫారం నింపుతలేనని ఆఫీసుల చెప్పిన. నా బుర్రకు ఎక్కది. మిమ్ముల ఊకె పరేషాన్ చేసిన."

శోభారాణి ఆ పుస్తకం వైపు చూసింది. నోరు మెదపకపోతే తన గుట్టు దక్కుతుంది, గౌరవమూ దక్కుతుంది. ఈ పిల్ల మాత్రం బతుకంతా టీ గ్లాసులు మోస్తుంది. ఆమె లేచి బీరువాలోంచి తొమ్మిది పేపర్లూ తీసి బల్ల మీద పరిచింది.

"నీ బుర్రకేం కాలేదు సుకన్యా. నేనే ఒప్పులకు ఇంటూలు పెట్టిన. ఇగో, ఇది పదిహేడు. ఇది పద్దెనిమిది. మొన్నటిది పంతొమ్మిది."

సుకన్య ఒక్కో పేపరూ తీసి చూసింది. వేలు పెట్టి ఒక్కో ఇంటూనూ చదివింది. చాలాసేపు పట్టింది.

"మూడు వారాల సంది నాకేమన్న అయ్యిందేమోనని ఏడ్సుకుంట పండుకుంటాన" అంది మెల్లగా. "ఎందుకు చేసిన్రు?"

"పదహారు వస్తే రానంటివి కద."

సుకన్య తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా శోభారాణి తట్టుకునేది. కానీ కళ్లనిండా నీళ్లున్నాయి.

"ఇగ రానని నవ్వులాటకు అన్న టీచరమ్మా. బిడ్డ హాస్టల్ల ఉండె. ఇంటికాడ నాకు మాత్రం ఎవరున్నరు? చదువు అయిపోయినంక గూడ ఊకెనే వచ్చి కూసుందామనుకున్న. ఒక్కమాట రమ్మంటే అయిపోతుండె."

పేపర్లు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఫారం నింపుతవా?" అని అడిగింది శోభారాణి.

"నింపుత. పొద్దుగాలనే పోయి నింపుత."

చెప్పులేసుకుని గేటు దాకా పోయి, సుకన్య ఒక్క క్షణం ఆగింది. రమ్మనే మాట శోభారాణి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనే ముఖం తనకు లేదనిపించింది. సుకన్య గేటు మూసి, ఆటోల వైపు నడిచిపోయింది.