దిగనియ్యని మనిషి

అభా కొండల మీద, ఒకప్పటి కాపలా బురుజులో ఒక రాత్రి బస చేశాను. కొండలెక్కేవాళ్ల కోసం దాన్ని చూసుకునేది జగిత్యాల మనిషి. ఎవరొచ్చినా ముందు వాళ్ల బూట్లు తిప్పి, అడుగు అరిగిందేమో చూసేవాడు.

తెల్లారేసరికి పొగమంచు కమ్మింది. రియాద్ విమానం తప్పితే మా మేనేజరు ఊరుకోడని చెప్పి నేను దిగబోతే, నా బూట్లు చంకలో పెట్టుకొని గడపలో కూర్చున్నాడు.

"మంచు పోయేదాంక దిగనియ్య సార్. మీ మేనేజరు కోపం జేస్తే నాతోని మాట్లాడమనుండ్రి."

కసిరాను. ఆయన కదల్లేదు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. నేను దిగాల్సిన మెట్లు రాత్రి వానకు సగం లోయలోకి జారిపోయి ఉన్నాయి. "నేను చెప్పలేదా" అని ఆయన అనలేదు. బూట్లు నా ముందు పెట్టి లేచాడు.

"ఈ పక్క ఇంకో తొవ్వున్నది. నా ఎనక రాండ్రి," అంటూ సొంత పొలం గట్టు మీద నడిచినంత ధీమాగా దిగసాగాడు.