టీవీ చెప్పిన జవాబు

సూరత్‌లో మా ఇంట్లో ఒక్కటే ఫోను, అది నాన్నది. ఏడింటికి ఆయన మగ్గాల ఖాతాకి, అంటే బట్టలు నేసే కార్ఖానాకి, డ్యూటీకి వెళ్తే ఫోనూ వెళ్లిపోతుంది. మా సర్కారు బడిలో కంప్యూటర్ చెప్పేవాళ్లు లేరు. అందుకే పదకొండో తరగతిలో ఉండగానే ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఈ రోజు ఆరున్నర దాటినా క్లాసు తెమల్లేదు. నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని నా వెనక అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కుదురు లేదు.

ప్రోగ్రాములో పనులు నడిపే థ్రెడ్ల గురించి పాఠం. "ఒక థ్రెడ్ ఆగితే ఏమవుతుంది?" అని సార్ హిందీలో నన్నే అడిగారు. మైకు ఆన్ చేసి నోట్సు తిరగేస్తున్నాను.

"పోగు తెగితే మగ్గం ఆగుతది బిడ్డా! జర జల్ది చెప్పు," అన్నాడు నాన్న.

"ఎవరది?" అన్నారు సార్.

"టీవీ, సార్," అనేశాను.

చివరికి సారే చెప్పారు: దాని కోసం ఎదురుచూసే పనులన్నీ ఆగిపోతాయట. అచ్చం నాన్న చెప్పిందే. నాన్నకు హిందీ నాకంటే బాగా వచ్చు.

రేపు సార్‌కి నిజం ఎలా చెప్పాలో మీరే చెప్పండి. కాస్త త్వరగా, ఎందుకంటే గుమ్మంలో చెప్పులేసుకున్న నాన్న ఇప్పుడే అన్నాడు:

"టీవీకి డ్యూటీ టైమైంది. ఫోనియ్యి బిడ్డా."