సాంచాలు ఆగిన రెండు నిమిషాలు

సిరిసిల్లలో మాకో కార్ఖానా ఉంది. అందులో పద్దెనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు. వాటిని నడిపేవాళ్లలో ఒకాయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, వరసకు నాకు బావ. ఏటా కార్గిల్ దినం నాడు ఒక్కటే అడిగేవాడు.

"రెండు నిమిషాలు ఆపు బామ్మర్ది. మా దోస్తు కోసం నిలవడ్త."

పోగులు తెగుతాయని చెప్పి ఏటా తప్పించుకున్నాను. ఆపినంత మాత్రాన పోగులేమీ తెగవు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఈసారి నేనే ముందుకొచ్చాను. దేశభక్తితో కాదు. పక్క వీధి కార్ఖానా సేటు జెండా పట్టుకుని దిగిన ఫోటో వాట్సాప్‌లో తిరుగుతోంది మరి. నేనూ ఇస్త్రీ చొక్కా తొడిగి, ఫోన్‌ను నూలు కండెల డబ్బాకు ఆనించి వీడియో పెట్టి, సరిగ్గా పదకొండింటికి మెయిన్ స్విచ్ దించాను.

మా వాడలో సాంచాల మోత ఆగిందంటే కరెంటు పోయినట్టే లెక్క. బావ అటెన్షన్‌లో నిలబడ్డాడు. మిగతావాళ్లు బీడీలు తీసి చాయ్ హోటల్‌కు నడిచారు. ఆ మోతలోనే నిద్రపోయే పక్కింటి పసిపాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"కరెంటు ఎప్పుడొస్తదట?" గల్లీలోంచి ఎవరో అడిగారు.

"లైన్‌మెన్‌కు ఫోన్ కొట్టున్రి!"

"మౌనం! మౌనం!" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఎదురింటి ముసలమ్మ అరుగు మీదికి వచ్చింది. "ఏందిరా గిట్ల ఆపిన్రు? ఎవలన్న సచ్చిన్రా?"

"ఎవలు సావలే! నువ్వు లోపలికి పో!"

ఆ రోజున, బావ ముందర, నా నోట వచ్చిన మాట అది. ఆయన బిగించిన పిడికిళ్లు వదిలాడు. నావైపు చూడకుండా గల్లీ దాటి ముసలమ్మ పక్కన కూర్చున్నాడు.

"సచ్చిండవ్వా. మా దోస్తు. గా కొండల మీద."

"అయ్యో! ఏ ఊరు కొడుకా?"

"కథలాపూర్ దిక్కు."

"తల్లున్నదా?"

"ఉన్నది. పోతే కోడిని కొయ్యకుంట రానియ్యది."

చీరల పని మీద నెలనెలా కోరుట్లకు కథలాపూర్ మీదుగానే పోతాను. బావ నా దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆ దోస్తుది ఏ ఊరని ఒక్కసారైనా అడగలేదు.

వీడియో ఆపి, తీసేశాను. ముసలమ్మ ఇంకా ఏదో అడుగుతోంది. బావ చెబుతున్నాడు, మధ్యలో నవ్వుతున్నాడు కూడా. రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. చాయ్ తాగివచ్చిన పనివాడొకడు గుమ్మంలో నిలబడ్డాడు.

"సేటూ, కరెంటొచ్చిందా?"

నా చెయ్యి మెయిన్ స్విచ్ మీదే ఉంది.

"రాలే. పోయి ఇంకో చాయ్ తాగిరా" అన్నాను.