మురుగేశుకు నేను ఎంచి ఇచ్చిన ఆంప్

ఒక మనిషి చెవులు పోవడంలో నా చేయి ఉంది. ఈ మాట రాయడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇన్నాళ్లూ దీన్ని లోపల పెట్టుకునే అన్నం తిన్నాను, పెళ్లి చేసుకున్నాను, వేదికలెక్కి చప్పట్లు కొట్టించుకున్నాను. ఎవరికీ అనుమానం రాలేదు. రాదు కూడా. నేనతన్ని కొట్టలేదు, తిట్టలేదు. తిరుపతిలో ఒక షాపులో నిలబడి, అతను అడిగితే, గిటారు శబ్దాన్ని పెంచే ఒక చిన్న ఆంప్ ఎంచి ఇచ్చాను. పైకి కనిపించేది అంతే.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే నన్ను నేను కాస్త మంచివాడిగా చెప్పుకుంటాను.

మురుగేశుది నగరి. ఇంట్లోనే పవర్‌లూమ్‌లు. ఆ మగ్గాల చప్పుడు మధ్యే పుట్టి పెరిగాడు. పగలంతా మగ్గం దగ్గర ఉండి, సాయంత్రం బస్సెక్కి మా ఆర్కెస్ట్రాకు వచ్చేవాడు. పెళ్లి రిసెప్షన్లు, జాతరలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లేవాళ్లం. అతనిది లీడ్ గిటారు. నాది రిథమ్. అంటే పాటలో జనం తల ఊపే చోట వినిపించేది అతను, వినిపించకుండా ఆ పాటను మోసేది నేను. అతనికి ఎవరూ నేర్పలేదు. ఒకసారి వింటే చాలు, పాట వేళ్లలోకి వచ్చేసేది. నాకు తెలిసిన సగం అతను నేర్పిందే.

అసూయ అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కానీ అది నిజంలో సగమే. శ్రీకాళహస్తిలో ఒక కార్యక్రమంలో నేను ఒక చోట తప్పాను. ఆర్కెస్ట్రా నడిపే మాస్టరు వేదిక దిగగానే ఎవడ్రా అది అని అరిచాడు. నేను నోరు తెరిచేలోపు మురుగేశు "నేనే సార్, వేలు జారింది" అన్నాడు. మాస్టరు అతన్ని అందరి ముందూ తిట్టాడు. అతను తల వంచుకుని విని, తర్వాత నా భుజం తట్టి టీకి తీసుకెళ్లాడు. ఆ పని చేసినందుకు అతన్ని నేను క్షమించలేకపోయాను. తిట్టు కూడా తనే తీసుకుంటే నాకింక మిగిలేదేముంది? ఇది ఎవరికైనా అర్థమయ్యే మాటేనా? నాకే ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

అతని వినికిడి తగ్గుతోందని మా అందరిలో ముందు గమనించింది నేనే. గమనించడం కాదు, గుర్తుపట్టాను. మా నాయన బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మిషన్ల పక్కన పనిచేశాడు. ఆయనకు ముందు సన్నని శబ్దాలు పోయాయి. కుక్కర్ విజిల్, ఫోన్ మోత, మా అమ్మ మెల్లగా అనే మాటలు. తిరుపతిలో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి, పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉంచండి, చెవుల్లో పెట్టుకునే హెడ్‌ఫోన్స్ అసలే వద్దు అని ఆయన నాకు చెప్పాడు. కాబట్టి నాకు తెలియక జరిగిందని మాత్రం అనుకోకండి. ఆంప్ కొన్న రోజు తిరుపతిలో ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు చెవుల డాక్టర్లే.

మురుగేశు అప్పటికి ఆంప్ మీద సన్నని శబ్దాలు పెంచే ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పి పెట్టుకునేవాడు. మాకు చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉండేది. అతనికి అది సరిపోయేది కాదు. తప్పు ఆంప్‌లో ఉందనుకున్నాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికి చిన్నది ఒకటి కొనుక్కుంటానని, ఎంచి పెట్టమని నన్ను తోడు తీసుకెళ్లాడు.

"నాకివన్నీ తెల్దప్పా," అన్నాడు షాపులో. "నా ఆంప్‌లో ఏందో పోయుండాది. సన్న తీగలు సరింగా ఇనపడ్తా లేదు. నీ చెవి మంచిది. నువ్వు ఏది సెప్తే అదే."

అతని ఆంప్‌లో ఏదీ పోలేదు. అంతకు ముందు వారమే నేను దాని మీద వాయించాను. ఆ మాట అక్కడే అనవచ్చు. అనలేదు. నాకు ఒక సంగతి పరీక్షించి చూడాలనిపించింది.

షాపతను ఒక ఆంప్‌కు గిటారు తగిలించి ఇచ్చాడు. మురుగేశు వాయిస్తుంటే, నాబ్‌లు అతనికి కనపడకుండా నేను అడ్డంగా కూర్చుని, ట్రెబుల్ పూర్తిగా తగ్గించేశాను. శబ్దం మీద గోనెపట్టా కప్పినట్టయింది. షాపతను మొహం చిట్లించాడు.

"ఇప్పుడెట్లుండాది మురుగా?"

"ఇందాకటి మాదిరే ఉండాది కదా. ఏమన్నా మార్చినావా?"

చివరిదాకా పెంచాను. షాపతను చెవులు మూసుకున్నాడు. మురుగేశు ముఖం వెలిగింది. "ఆ... ఇప్పుడు కొంచెం తెలిసొస్తా ఉండాది సూడు!"

నేను షాపతనికి కన్ను కొట్టాను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. మేమెందుకు నవ్వుతున్నామో తెలియక మురుగేశు కూడా నవ్వాడు. ఆ మూడు నవ్వుల్లో అతనిది ఒక్కటే ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకదానికి కాస్త పెద్ద స్పీకరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలు లేదు. గది మూలన పెట్టుకుని తక్కువ సౌండ్‌లో వాయించుకోవడానికి సరైనది. మురుగేశు చేయి దాని మీదికే వెళ్లింది. రెండోది అరచేతిలో పట్టేంత. బ్యాటరీతో నడుస్తుంది, బెల్టుకు తగిలించుకోవచ్చు. దాని స్పీకరు పేరుకే. హెడ్‌ఫోన్స్ తగిలిస్తేనే దానికి ప్రాణం.

"ఇది బాగుండాది కదప్పా?" అన్నాడు పెద్దదాన్ని తడుముతూ.

"అది వొద్దు. మగ్గాల కాడ దాని సౌండు యాడ ఇనపడ్తుంది నీకు? ఇదైతే జోబులో ఏసుకోవచ్చు. మగ్గం ఆడతా ఉన్నా సెవుల్లో పెట్టుకోని వాయించుకోవచ్చు."

"మగ్గం సప్పుడులో ఇనపడ్తాదా?"

"సౌండు ఫుల్లుగా పెట్టుకో. అప్పుడే నీ తప్పులు నీకు తెలుస్తాయి."

"నిజమేనా?"

"నా మాట ఇను మురుగా."

విన్నాడు. బస్టాండుకు పోయే ఆటోలో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను తడిమినట్టు తడుముతూ కూర్చున్నాడు. ఇంత చిన్నదాంట్లో ఇంత సౌండు యాడుండాదప్పా అని అడిగాడు.

అతను చెవిటివాడు కావాలని కోరుకున్నానా? లేదు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కొంచెం తగ్గితే చాలు, ఒక్కసారి అందరి ముందూ తప్పితే చాలు, ఆ తర్వాత నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను అనుకున్నాను. కొంచెం అంటే ఎంత? పక్కవాడి చెవిని నేను పప్పులో ఉప్పులా కొలుస్తున్నానా?

అతను చెప్పినట్టే చేశాడు. మగ్గం ఆడుతుండగా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండు చివరిదాకా పెంచి, సాధన. కొన్ని నెలలకు వేదిక మీద మాస్టరు చెప్పేది అతనికి అందడం మానేసింది. నా వైపు చూసేవాడు. నేను కళ్లతోనో తలతోనో చెప్పేవాణ్ని. అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. అడగకుండానే చెప్పేవాణ్ని. అదే నా చేతిలో ఉన్న రెండో ఆయుధమని నాకు తెలుసు.

బంగారుపాళ్యంలో ఒక పెళ్లి రిసెప్షన్. పాడే అమ్మాయికి గొంతు బాగాలేదు. పాట మొదలయ్యే ముందు మాస్టరు వెనక్కి తిరిగి, శ్రుతి తగ్గించి వాయించండి అన్నాడు. మురుగేశు నా వైపు చూశాడు. నేను వంగి నా వైరు సర్దుకున్నాను. సర్దాల్సింది ఏమీ లేదు.

అతను పాత శ్రుతిలో ఎత్తుకున్నాడు. మేమంతా కొత్త శ్రుతిలో ఉన్నాం. ఆ అమ్మాయి ఆగిపోయింది. ముందు వరసలో కుర్రాళ్లు ఈలలు వేశారు. అతను ఏమీ తెలియక, నవ్వుతూ, నా వైపు చూస్తూ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. మాస్టరు వెళ్లి అతని గిటారు వైరు పీకేశాడు. "చెవుడు పెట్టుకోని గిటారెందుకురా నీకు? పొయ్యి తప్పెట కొట్టుకో పో!" ఆ మాట మైకులో వెళ్లింది. హాలంతా నవ్వింది. అతనికి ఆ మాట కూడా సరిగా వినపడలేదని, అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోవడానికి ఒక్కొక్క ముఖాన్నే చూస్తున్నాడని చూసింది నేనొక్కణ్నే. ఆ తర్వాతి పాటకు లీడ్ నేను వాయించాను. బాగా వాయించాను. ఇది కూడా చెప్పాలి. ఆ రోజు వాయించినంత బాగా నేను ఎప్పుడూ వాయించలేదు.

సాధన చాలలేదనుకున్నాడు మురుగేశు. ఇంకా పెంచాడు.

తర్వాత అతని భార్య సెల్వి పాపను చంకనేసుకుని తిరుపతిలో మా ఇంటికి వచ్చింది. "పిలిస్తే పలకడం లేదన్నా. పాప ఏడ్సినా తెలీడం లేదు. సెవుల్లో ఈల ఏసినట్టుందంటాడు. డాక్టరు కాడికి పోదామంటే, నిన్ను అడిగి పోదాం అంటాడు. నువ్వొక మాట సెప్పన్నా."

డాక్టరు పేరు నా నాలుక మీద ఉంది. ఆసుపత్రి మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఆ రోజే తీసుకెళ్లి ఉంటే ఎంతో కొంత మిగిలేది. నేను లీడ్ మీదికి వచ్చి అప్పటికి కొద్ది రోజులే అయింది.

"మగ్గాల సప్పుడుకు అట్లే ఉంటాదమ్మా," అన్నాను. "దానంతట అదే తగ్గిపోతాది. భయపడొద్దు."

ఆమె ముఖం తేలికపడింది. నాకు దండం పెట్టి వెళ్లింది.

వాళ్లు ఆసుపత్రికి వెళ్లేసరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో వినికిడి మిషన్ పెట్టారు. చెవుల్లో అంత సౌండు పెట్టుకోమని ఎవరు చెప్పారయ్యా అని డాక్టరు కోప్పడ్డాడట. "'ఎవురూ సెప్పలేదు, నేనే పెట్టుకున్యా' అన్నాడన్నా," అని సెల్వి నాతో చెప్పింది. చెప్తున్నప్పుడు నన్నే చూసింది. ఆ చూపులో ఏముందో నేను తేల్చుకోలేదు. తేల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఏళ్ల తరబడి వాయిదా పడి, ఈ మధ్యే వాళ్ల పాపకు చెవులు కుట్టించారు. సెల్వికి అన్నదమ్ములు లేరు. మేనమామ వరస నాకిచ్చి, పాపను నా ఒళ్లో కూర్చోబెట్టారు. సూది గుచ్చగానే పాప గట్టిగా ఏడ్చింది. పక్కనే కొబ్బరికాయ పీచు తీస్తున్న మురుగేశు, చెవిలో మిషన్ ఉన్నా, తలెత్తలేదు. సెల్వి వెళ్లి భుజం తాకితే చూశాడు.

భోజనాల ముందు అతని ఎడమ పక్కన కూర్చున్నాను. కావాలనే ఆ పక్క కూర్చున్నాను. అతను అవతలికి తిరిగి పిల్లల్ని చూస్తున్నాడు. పెదవులు కనపడకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకుని అంతా చెప్పేశాను. షాపు, నాబ్, వైరు, సెల్వితో అన్న మాట. మెల్లగా, వరసగా, ఏదీ వదలకుండా.

అతను ఇటు తిరిగాడు. "ఏమన్నా అన్నావాప్పా?"

"పాప బాగా ఎదిగింది అంటా ఉండా."

"ఆ," అని నవ్వి, నా విస్తరి మీద నీళ్లు చల్లాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు నిజంగానే తేలిగ్గా అనిపించింది. పుత్తూరు దాటేదాకా చెప్పేశాను, చెప్పేశాను అనుకుంటూ వచ్చాను. ఆ తర్వాత నేనేం చేశానో నాకు తెలిసింది. అతని చెవుడును నేను మళ్లీ ఒకసారి వాడుకున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని కాదు. ఎవరు క్షమిస్తారు? మీకా హక్కు లేదు, నాకు అడిగే ముఖం లేదు. కానీ ఈ పూట ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది, అది దాచను. మురుగేశుకు తెలుగు చదవడం వచ్చు. అతని పేరు మార్చలేదు, ఊరు మార్చలేదు. నా పేరు మాత్రం రాయలేకపోయాను. అతనికి దాని అవసరం లేదు.