“కేళ్వులు కష్టమైపోయినాయి పాపా”

పోయిన బుధవారం పొద్దున గుడియాత్తం నుంచి అత్త ఫోన్ చేసింది. “మీ మామ పోయినాడమ్మా. నిద్రలోనే పోయినాడు” అంది. మామంటే మా అమ్మ తమ్ముడు, బతికినన్నాళ్లూ లుంగీలు నేసినవాడు. నాకు మొదట ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకు భయం వేసిందో ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నిమ్మళం ఉండదు.

మామ చదివింది ఐదో తరగతి, అదీ అరవంలో. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అయినా టీవీలో క్విజ్ పోటీ వస్తే ఆయన ముందు ఎవరూ నిలిచేవాళ్లు కాదు. మగ్గం ఉన్న గదిలోకే టీవీ జరిపించుకున్నాడు. పాలారు నది ఎక్కడ పుట్టిందని అడిగితే, నాలుగు ఆప్షన్లు పడేలోపే, చెయ్యీ కాలూ ఆపకుండా, “నందికొండల్లో!” అని అరిచేవాడు. “ఇంత సులువుగా అడిగితే ఎవురైనా చెబుతారు, థూ!” అని తిట్టేవాడు కూడా. తెలియనిది వస్తే మాత్రం వెంటనే ఒప్పుకునేవాడు. “తెలీదంటే తల తెగిపోదు పాపా. తెలిసినట్టు ఉండేదే తంటా” అనేవాడు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం నేను వేలూరు నుంచి వెళ్లి కూర్చున్నాను. మళ్లీ పాలారు ప్రశ్నే వచ్చింది. మగ్గం ఆగింది. మామ నోరు తెరిచి, మూసుకున్నాడు.

“కేళ్వులు రొంబ కష్టమైపోయినాయి పాపా” అన్నాడు. మా ఇళ్లలో ప్రశ్నను కేళ్వి అనే అంటాం, చాలాను రొంబ అని.

“అవును మామా, ఇప్పుడంతా కష్టంగానే అడగతా ఉండారు” అన్నాను. ఆయన మనసు తేలికపడింది. నాదీ.

వాకిట్లో అత్త నా చెయ్యి పట్టుకుంది. “ఆయనకేమో అయ్యుండాది. నిన్న మన వీధిలోనే దారి తప్పినాడు. వేలూరికి పిల్చుకోనిపోయి డాక్టరుకు చూపిస్తావా?”

“ఊరికే కంగారు పడొద్దత్తా, వయసైతే అంతే” అని బస్సెక్కేశాను. దసరా అయ్యాక చూద్దాం, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం అని ఏడాది తోసేశాను. చివరికి తీసుకెళ్తే, ఇది మతిమరుపు జబ్బనీ, ముందే వచ్చి ఉంటే కొంచెం నెమ్మదించేదనీ అన్నాడు డాక్టరు. ఆ కొంచెమే నన్ను పీక్కు తింటోంది. ఇప్పుడు పక్కింటి టీవీలో ఆ కార్యక్రమం మొదలైతే చాలు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య మామ నోరు తెరిచి మూసుకుంటాడు. లేచి కిటికీ మూసేస్తాను. అయినా పోడు.

ఆఖరిసారి చూసింది పోయిన నెలలో. మంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు.

“నేనెవరు మామా?” అన్నాను.

“ఆప్షన్లు చెప్పు” అన్నాడు.

నవ్వొచ్చింది. నా పేరు, నా చెల్లెళ్లిద్దరి పేర్లు, అత్త పేరు చెప్పాను. శ్రద్ధగా విని, ఆ నాలుగింటిలో లేని పేరు చెప్పాడు. అది మా అమ్మ పేరు. అమ్మ పోయి పన్నెండేళ్లు.

“కరెక్ట్” అన్నాను.

మామ రెండు చేతులూ పైకెత్తి నవ్వాడు. “సులువుగానే అడిగినావక్కా” అన్నాడు. తర్వాత ఆ చేతులు దించడం మరిచిపోయాడు. అత్త వచ్చి ఒక్కొక్కటే దించి, ఒళ్లో పెట్టింది.