మా తోడికోడలి ప్రార్థనకు బొమ్మ వచ్చిందంట

కొత్తింటి ప్రార్థన వీడియోను ఈ రోజు మా ఇంట్లో కంప్యూటర్‌లో పెడితే, పాస్టరుగారి మాటలు వినిపించినాయి గానీ బొమ్మ రాలేదు. తెరంతా నలుపే. మూడు గంటలు వెతికి, ఆ వీడియోలో బొమ్మ కనపడాలంటే కావాల్సిన కోడెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఏదో కనుక్కొని ఎక్కించినాను. రీస్టార్ట్ చెయ్యమని కంప్యూటర్ అడిగింది. తర్వాత చేద్దాంలే అని, పొయ్యి మీద చేపల పులుసు చూసుకోడానికి పోయినా.

అంతలో మా తోడికోడలు వచ్చింది. కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసి, రీస్టార్ట్ నొక్కింది. మళ్ళీ వీడియో పెడితే బొమ్మ వచ్చేసింది!

"చూసినావా? నువ్వు ప్రార్థన చెయ్యకుండానే మొదలుపెట్టినావు," అనింది మా అత్త.

"అది కాదత్తా, నేను పొద్దున్నుంచీ..."

"కష్టపడినావులేమ్మా. ముందు ఆ పులుసు చూడు, అడుగంటతా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పైగా వీడియోలో కూడా ముందు వరసలో మా తోడికోడలే, నేనేమో స్తంభం వెనకాల!

ఆదివారం చర్చిలో ఇది దేవుడు చేసిన మేలని అందరి ముందు ఆమె సాక్ష్యం చెప్తుందంట. నేను లేచి గట్టిగా ఆమేన్ అనాలంట. కోడెక్ ఎక్కించింది నేనే కదా, నా బదులు మీలో ఎవరైనా వచ్చి అంటారా?