గంజి రెక్కల వేగం

నాకు ఇరవై ఏళ్లున్న ఆ రోజుల్లో, ప్రశ్న అడగని మనిషిని చూస్తే జాలి వేసేది, జవాబు చెప్పలేని మనిషిని చూస్తే సంబరం కలిగేది. మహారాష్ట్రలోని భివండీలో, మా తెలుగువాళ్లుండే కనేరిలో ఆదివారం చర్చాసభలు జరిగేవి. అక్కడ దయ్యాలనూ జాతకాలనూ బాబాలనూ ఉతికి ఆరేసేవాణ్ని. ఎవరేం చెప్పినా "సబూత్ ఏది?" అని రుజువు అడిగేవాణ్ని గనుక సాంచల మీద పనిచేసేవాళ్లు (మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు) నాకు సబూత్ భాయ్ అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పట్లో బిరుదనుకున్నాను.

మా మేనమామ సాంచలు బాగుచేసే మిస్త్రీ. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో పనిచేసి ఒక చెవి పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. ఆయన మూతపడ్డ కార్ఖానాలో ఒక్కడు కూర్చునే విమానం కట్టుకున్నాడు. అల్యూమినియం గొట్టాలు, భంగార్ బజారులో పాత ఇనుము మధ్య దొరికిన మోటార్‌సైకిల్ ఇంజను, తానే చెక్కిన చెక్క పంకా, రెక్కలకు తన చేత్తోనే నేసిన బట్ట. బట్ట బిగుసుకోవడానికి ఏదో మందు పూయాలట. అది దొరక్క నూలుకు పెట్టే గంజే పూశాడు. "ఈ వయసుల ఇదెందుకు మామా?" అంటే, "చెవులు పూరా పోకముందే ఒక్కసారి సాంచల చప్పుడు లేని కాడికి పోవాలె అల్లుడా" అన్నాడు. "మరి ఇంజను చప్పుడో?" "అది నా చప్పుడు. నాకు నడుస్తది."

అది ఎంత వేగంతో పోతుందో లెక్క కట్టే పని నాకు అప్పగించాడు (బీఎస్సీ చదువుతున్నాను గదా). విమానాన్ని స్తంభానికి కట్టి, తాడు మధ్యలో తూకం కాంటా తగిలించి ఇంజను నడిపితే యాభై ఐదు కిలోల లాగుడు వచ్చింది. ఇక గాలి ఎంత వెనక్కి లాగుతుందో చూడాలి. అందుకు ఇంజను ఆపి, టెంపో వెనక కట్టి లాగుతూ అదే కాంటా చూడాలి. రెండు లాగుళ్లూ సరిసమానమైన చోటే దాని నిలకడ వేగం. నేల విడవాలంటే మాత్రం గంటకు డెబ్బై కిలోమీటర్లు అందుకోవాలి.

శుక్రవారం కరెంటు బంద్, సాంచలు బంద్. పక్కనున్న నార్పోలి నుంచి కూడా జనం వచ్చారు. పొద్దుటి నుంచి ముసురు. అత్త విమానం ముక్కుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. "తీసెయ్ అత్తా, నిమ్మకాయ గూడ గాలికి అడ్డమే" అన్నాను. "నీ నోటికన్నా ఎక్కువనా?" అంటూనే విప్పింది. విప్పి, రెక్క మీద చెయ్యి వేసి, "గంజి బట్టరా ఇది. తేమకు సాగుతది. ఎండొచ్చినంక చెయ్యుండ్రి" అంది. నిమ్మకాయ కట్టిన మనిషి మాట నేను వినడమా! "సబూత్ ఏది అత్తా?" అన్నాను. జనం నవ్వారు. అత్త నవ్వలేదు.

మామ విమానంలో, నేను టెంపో వెనక భాగంలో గొడుగు కింద కూర్చున్నాం. వేగం యాభై అందుకోగానే డ్రైవర్ "పచాస్!" అని అరిచినప్పుడు కాంటా ముల్లు ముప్పై ఆరు కిలోల మీద ఉంది. రెక్కల బట్ట తడి లుంగీలా కొట్టుకుంటోంది (చూశాను, కానీ రాసుకోలేదు). వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుందన్న సూత్రం పట్టుకుని కార్ఖానా తలుపు మీద సుద్దతో లెక్క చేశాను. "అరవై రెండు దాటదు. డెబ్బై కావాలి. కాబట్టి ఎగరదు!" అని ఉపన్యాసం ధోరణిలో ప్రకటించాను. చప్పట్లు కూడా పడ్డాయి. మామ మంచి చెవి ఇటు తిప్పి "ఏందంటవు?" అన్నాడు. ఇంకా గట్టిగా చెప్పాను. "గట్లనా" అన్నాడు. రెండు రోజుల్లో రెక్కలు విప్పేశాడు.

మామ పోయిన మరుసటేడు వేసవిలో అత్త ఇంటికి వెళ్లాను. మిద్దె మీద, గంజి పెట్టిన దుప్పటిని మంచానికి నాలుగు మూలలా లాగి కట్టి ఆరేసింది. ఆ రెక్కల బట్టే. పొద్దున నడుమ జారి వేలాడింది, మధ్యాహ్నానికి బిర్రుగా బిగిసింది. అత్త వేలితో మీటితే డప్పులా మోగింది. వదులు బట్టను కొలిచి బిగుతు రెక్కకు తీర్పు చెప్పాను. ఒక్క కొలత రుజువు కాదని ప్రతి ఆదివారం అరిచిన నోరే, ఎండలో ఇంకోసారి కొలుద్దామనలేదు.

"ఆ దినం తప్పు చేసిన అత్తా."

"ఎరుకే."

"మామకో?"

"గంజి పెట్టినోనికి ఎరుకుండదా? ఎండల ఇంకోసారి చూడరాదా అని నేనంటే, 'పోరడు నలుగుట్ల చెప్పిండు. మల్ల చూస్తే వాని ఇజ్జత్ పోతది' అన్నడు."

ఎండలో అది ఎగిరేదని నేననను. దానికి సబూత్ లేదు. లేకుండా చేసింది నేనే.

ఇప్పుడు సభల్లో ఎవరైనా లెక్క చూపిస్తే, "ఆ రోజు ముసురు పట్టిందా?" అని అడుగుతాను. పెద్దాయనకు చాదస్తం పట్టిందని కుర్రాళ్లు నవ్వుకుంటారు. వాళ్లలో గొంతు పెద్దగా ఉన్నవాణ్ని చూసి నేనూ నవ్వుతాను. అచ్చం అప్పుడు టెంపోలో గొడుగు కింద కూర్చున్నవాడే.